పిల్లల బరువు తగ్గించే ప్రోగ్రాంలో చేరి మధ్యలో మానేసినవాళ్లు ఉన్నారా? ఎందుకు మానేశారు?

నరసాపురం_లేసు
మా పాపకి పదేళ్లు. స్కూల్లో హెల్త్ చెకప్ చేసినప్పుడు బరువు ఎక్కువ ఉందని, మెడ వెనక నలుపు ఉందని కార్డు మీద రాసిచ్చారు. పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పిల్లల కోసం బరువు ప్రోగ్రాం ఉందంటే చేర్పించాం. ఆరు నెలల ప్యాకేజీ, డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నారు. వారం వారం వెళ్లాలి. డైటు, ఎక్సర్‌సైజు, కౌన్సెలింగ్ అన్నీ అందులోనే. సగం కూడా కాకుండా మానేశాం.

ఇప్పుడు చుట్టాల్లో అందరూ నన్నే అంటున్నారు, ఓపిక లేక మానేశావు, పిల్ల మీద శ్రద్ధ లేదు అని. ఓపిక లేక కాదు. అక్కడ ప్రతి వారం హాల్లో అందరి ముందూ కాటా ఎక్కించి అంకె పైకి చదువుతారు. తగ్గినవాళ్లకి చప్పట్లు కొట్టిస్తారు. ఒక వారం మా పాపకి అర కేజీ పెరిగింది. హాలంతా నిశ్శబ్దం. కిందికి దిగి, చెప్పుల బెల్టు పెట్టుకుంటూ, తీస్తూ, మళ్లీ పెట్టుకుంటూ కూర్చుంది, తలెత్తలేదు. ఆ తర్వాత క్లాసు రోజు పొద్దున్న లేవగానే కడుపునొప్పి అనడం మొదలెట్టింది.

మేం మానేశాక ఆసుపత్రి నుంచి ఒక్క ఫోను లేదు. ఎందుకు రావట్లేదమ్మా అని అడిగిన పాపాన పోలేదు. డబ్బు సంగతి వదిలేయండి. ఇలా మానేసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా, కారణం ఏంటి? దయచేసి నీతులు చెప్పకండి.

తణుకు_నాన్న
ఉన్నామండి. మావాడిని రాజమండ్రిలో చేర్పించాం. శనివారం మధ్యాహ్నం మూడింటికి క్లాసు. బడి నుంచి తెచ్చి, నాలుగు ముద్దలు పెట్టి, బస్సెక్కించి తీసుకెళ్తే అక్కడ ముప్పావుగంట క్లాసు. మళ్లీ బస్టాండు. ఇంటికొచ్చేసరికి చీకటి పడిపోయేది. దారిలో ఆకలి అంటాడు. బస్టాండులో దొరికేదేంటి, సమోసా, కూల్‌డ్రింకు. బరువు తగ్గే క్లాసుకి వెళ్లిన రోజే వాడు ఎక్కువ తినేవాడు. అదేదో ఇంటి దగ్గరే గంటసేపు సైకిలు తొక్కిస్తే పోతుంది కదా అని మానేశాం.

రొయ్యల_చెరువు
తణుకు నాన్న గారూ, మీరు నయం, వెళ్లగలిగారు. మాది భీమవరం పక్కన రొయ్యల చెరువుల మీద బతుకు. పట్టుబడి ఎప్పుడు పడుతుందో మా చేతిలో ఉండదు. రేటు వచ్చిందంటే అర్ధరాత్రి వల వేయాలి. ఐసు, లారీ, కౌంటు చూసుకునేసరికి తెల్లారిపోతుంది. ప్రోగ్రాంలో మాత్రం తల్లీ తండ్రీ ఇద్దరూ రావాలన్నారు. నేను రాని వారాలకి పిల్లాడి ఫైలులో ‘తండ్రి సహకారం లేదు’ అని రాశారు. ఆ ముక్క చదివాక మా ఆవిడ ఇంక వెళ్లనంది. నేను ఎవరి కోసం చెరువు గట్టున నిద్ర కాస్తున్నానండీ?

కోనసీమ_కొబ్బరి
గోదారికి అవతల ఉన్నవాళ్ల సంగతి కూడా రాసుకోండి. మేం సఖినేటిపల్లి వైపు. నరసాపురం రావాలంటే పంటు (పెద్ద పడవ) ఎక్కి గోదారి దాటాలి. వరదొస్తే పంటు ఆపేస్తారు, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. వరుసగా వారాలు పోతే పేరు కొట్టేశారు. మళ్లీ చేరాలంటే మళ్లీ ఫీజు.

పోషణ_కాకినాడ
నేను డైటీషియన్‌ని, ఎక్కువగా పిల్లలతోనే పని. లేసు గారూ, అందరి ముందు తూచి అంకె చదవడం తప్పు. మూడో మనిషికి వినపడకుండా, తలుపు వేసిన గదిలో తూచాలి. పిల్ల వద్దంటే అంకె పిల్లకి చెప్పక్కర్లేదు కూడా.

మానేయడమనేది మన జిల్లాలకే వచ్చిన జబ్బు కాదు. ఇలాంటి ప్రోగ్రాంల మీద వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2011లో వచ్చింది. మధ్యలో మానేసిన కుటుంబాలు ఒక్కోచోట 27 శాతం, ఒక్కోచోట 73 శాతం దాకా ఉన్నాయి. బస్సులూ కార్లూ పుష్కలంగా ఉన్న దేశాల లెక్క అది. కారణాలు చూస్తే పైన మీరంతా రాసినవే: దూరం, వేళ కుదరకపోవడం, బడి పోవడం, ఖర్చు, పిల్లకి ఇష్టం లేకపోవడం, మనం ఒకటి అనుకుని వెళ్తే అక్కడ ఇంకోటి జరగడం.

చిక్కేంటంటే, తక్కువ గంటలతో పని కాదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2023లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మూడు నుంచి పన్నెండు నెలల్లో కనీసం 26 గంటలు కుటుంబంతో కూర్చుని పనిచేస్తే ఫలితం బాగుంటుంది. పిల్లతో ఒక్కదానితో కాదు, కుటుంబంతో.

తణుకు_నాన్న
ముప్పావుగంట క్లాసు లెక్కన 26 గంటలంటే ముప్పై అయిదు శనివారాలు. పోషణ గారూ, మీమీద కోపం కాదు గానీ, ఏ ఇంట్లో కుదురుతుందండీ అది?

పోషణ_కాకినాడ
కుదరదు. అందుకే వేళా చోటూ మార్చాల్సింది మేమే అంటాను. కొన్ని గంటలు ఫోన్లో చేయొచ్చు, నెలకోసారి ఊళ్లోకే వెళ్లొచ్చు. ‘కుటుంబానికి పట్టుదల లేదు’ అని రాసేస్తే మాకు పని తప్పిపోతుంది, అంతే.

గోదారి_గట్టు
అసలు ఈ ప్రోగ్రాంలన్నీ వ్యాపారం. మా కాలంలో బొద్దుగా ఉన్న పిల్లలు ఎంతమంది లేరు? పదిహేనేళ్లొచ్చి పొడుగెదిగితే అదే సర్దుకుంటుంది. పిల్ల కాస్త ఒళ్లు చేస్తే ముద్దు. మానేసి మంచి పని చేశారు.

పెరవలి_పంతులు
గట్టు గారూ, మీ కాలంలో బడి వదలగానే కాలవలో దూకేవాళ్లు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీని. మా స్కూలు మూడంతస్తుల మేడ, గ్రౌండు లేదు. ఆటల పీరియడ్ టైంటేబుల్లో ఉంటుంది, పదో తరగతికి వచ్చేసరికి అది లెక్కల మాస్టారికి వెళ్లిపోతుంది. ఉదయం స్టడీ అవరు, సాయంత్రం స్టడీ అవరు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజూ సగటున గంటసేపు ఒళ్లు కదపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మా పిల్లలు గంటసేపు కదిలేది బ్యాగు మోసుకుని మెట్లెక్కడంలోనే.

ప్రోగ్రాంలో చేరిన పిల్లలు మా దగ్గరా ఉన్నారు. క్లాసు శనివారం, మా వీక్లీ టెస్టూ శనివారమే. రెండు టెస్టులు పోతే ఇంటికి ఫోను వెళ్తుంది. తల్లిదండ్రులు దేన్ని వదులుకుంటారో మీకు చెప్పక్కర్లేదు.

పోషణ_కాకినాడ
గట్టు గారూ, కొందరు పిల్లలు పొడుగెదిగి సర్దుకుంటారు, నిజమే. కానీ లేసు గారు మెడ నలుపు అన్నారు చూడండి, అది మురికి కాదు. చాలా ఇళ్లల్లో సున్నిపిండి పెట్టి చర్మం ఊడేలా రుద్దుతారు. రుద్దితే పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదనడానికి అదొక గుర్తు. ముద్దు అని వదిలేసే విషయం కాదు.

పిల్లల లెక్క పెద్దల లెక్కలా చూడకూడదు. వయసుని బట్టి, ఆడపిల్లా మగపిల్లాడా అన్నదాన్ని బట్టి గీతలు మారతాయి. 5 నుంచి 18 ఏళ్ల వాళ్లకి భారత పిల్లల వైద్యుల సంఘం 2015లో చార్టులిచ్చింది. పెద్దవాళ్లలో బీఎంఐ (ఎత్తుని బట్టి చూసే బరువు లెక్క) 23, 27కి సరిపడే గీతలు అందులో ఉంటాయి, మొదటిది దాటితే అధిక బరువు, రెండోది దాటితే ఊబకాయం. మీ డాక్టరు ఆ చార్టు మీద చుక్క పెట్టి చూపించారా లేదా అడగండి.

గోదారి_గట్టు
మెడ నలుపు సంగతి నాకు తెలీదు. అది వేరే విషయం, ఒప్పుకుంటాను. కానీ వ్యాపారం అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. ఆరు నెలల డబ్బు ముందే ఎందుకు కట్టించుకోవాలి?

తణుకు_నాన్న
ఆ ఒక్క విషయంలో గట్టు గారితో నేనూ ఉన్నాను. ఓపీ ఖర్చులకి మా పాలసీలో రూపాయి రాదు. అంతా చేతి డబ్బే.

ముక్తేశ్వరం_అమ్మమ్మ
మా పెద్ద మనవడు టైపు చేత్తున్నాడు, నేను చెప్తన్నాను. మా అమ్మాయి కువైట్లో ఉంటాది. చిన్నోడు నా దగ్గరే పెరుగుతున్నాడు. బరువు క్లాసుకి ఎళ్తే తల్లి రావాలన్నారు. తల్లి దేశంలో లేదమ్మా, నేనే చూసుకుంటాను అన్నాను. ‘అమ్మమ్మలే కదండీ పిల్లల్ని పాడు చేసేది’ అని అక్కడ పనిచేసే పిల్ల అందరి ముందూ నవ్వింది.

ఆ ఇంట్లో పొయ్యి ఎలిగించేది నేను. సామాను తెచ్చేది నేను. పిల్లోడికి అన్నం కలిపేది నేను. నూనె ఎంత పొయ్యాలో, అన్నం ఎంత పెట్టాలో నాకు చెప్పాలా, అక్కర్లేదా? నన్ను బయట బల్ల మీద కూచోబెట్టి పిల్లోడిని లోపలికి తీసుకెళ్లారు. ఎళ్లేటప్పుడు ఇంగ్లీషు కాయితం ఒకటి చేతిలో పెట్టారు. నేను తెలుగు చదవగలను, పురాణం చదువుతాను. ఆ కాయితంలో ఒక్క ముక్క తెలుగు లేదు. ఇంకెళ్లలేదు.

నరసాపురం_లేసు
అమ్మమ్మ గారూ, చదువుతుంటే ఒళ్లు మండిపోతోంది. మా అత్తగారినీ అలాగే బయట కూర్చోబెట్టారు. మా ఇంట్లోనూ పిల్లకి తినిపించేది ఆవిడే.

పోషణ_కాకినాడ
అమ్మమ్మ గారి పోస్టు మా వాళ్లందరూ చదవాలి. కోనసీమలో గల్ఫుకి వెళ్లిన తల్లులు ఎంతమందో అందరికీ తెలుసు. అమ్మమ్మా నాయనమ్మా రాకుండా ఇక్కడ పిల్లల తిండి గురించి మాట్లాడి లాభం లేదు.

కువైట్_నుంచి
నేను అమ్మమ్మ గారి కూతుర్ని కాదు, అలాంటి ఇంకో తల్లిని. మాది రాజోలు దగ్గర. పాప మా అమ్మ దగ్గర ఉంటుంది. ఇక్కడ శుక్రవారం సెలవు, వీడియో కాల్‌లో క్లాసులో కూర్చుంటానని అడిగాను. అలా కుదరదు, మనిషి రావాలన్నారు. పిల్లకి నెల నెలా డబ్బు పంపేది నేనే కదా, నా మొహం ఫోన్లో కనిపిస్తే తల్లిని కానట్టా? ఫోన్లో ఆఫీసు మీటింగులు అవుతున్నాయి, చదువులు అవుతున్నాయి. ఇదొక్కటే అవదట.

పాలకొల్లు_వంటిల్లు
మేం మానేసింది వాళ్లిచ్చిన డైటు చార్టు వల్ల. పొద్దున్న ఓట్సు, మధ్యాహ్నం క్వినోవా, సాయంత్రం బ్రోకలీ సూపు, ఆలివ్ ఆయిలు. పాలకొల్లు సంతలో బ్రోకలీ అడిగితే కొట్టాయన ‘ఏ ఊరమ్మా మీది’ అన్నాడు. నాలుగు రోజులు తెప్పించాం. పిల్లాడు ముట్టలేదు, ఆ ఖర్చుకి మా ఆయన తట్టుకోలేదు.

మన దగ్గర తినడానికేం లేవా? తోటకూర, గోంగూర, దోసకాయ పప్పు, చిన్నచేపల పులుసు, పనసపొట్టు, మజ్జిగ. దిబ్బరొట్టె కూడా పూర్తిగా మానక్కర్లేదు, ఎంత నూనెలో కాల్చాలో, ఎన్ని ముక్కలు పెట్టాలో చెబితే చాలు. అది ఎవరూ చెప్పలేదు.

ఆత్రేయపురం_రేకు
పూతరేకుల గురించి ఎవరూ మాట్లాడకండి, మా ఊరి వ్యాపారం దెబ్బతింటుంది 🙂

రొయ్యల_చెరువు
రేకు గారూ, రేకు పల్చనే కదా, లోపల పెట్టే నెయ్యీ బెల్లమే బరువు 😀

పాలకొల్లు_వంటిల్లు
నవ్వులు సరే గానీ, సంక్రాంతి సంగతి చెప్పండి. మేం కార్తీకమాసంలో చేరాం. ధనుర్మాసం వచ్చేసరికి ఇంట్లో అరిసెలూ జంతికలూ సున్నుండలూ డబ్బాల్లోకి ఎక్కాయి. ఆడపడుచు పెళ్లయిన మొదటి పండగ. కొత్తల్లుడికి ఇన్ని రకాలు వడ్డిస్తుంటే, పక్కన కూర్చున్న పదేళ్ల పిల్లాడిని నువ్వు తినకు అని ఎవరంటారు? పండగ అయ్యాక మళ్లీ వెళ్తే బరువు పెరిగిందని చివాట్లు పెట్టారు. ఆ చివాట్లతోనే ఆఖరు.

పోషణ_కాకినాడ
సంక్రాంతి తర్వాత ప్రతి బ్యాచీ పల్చబడుతుంది, ఏటా చూస్తున్నాను. పండగ ముందే కూర్చుని, పండగ నాలుగు రోజులూ తినండి, డబ్బాలు కనుమ తర్వాత ఇంట్లో ఉంచకండి, పంచిపెట్టేయండి అని చెబితే మళ్లీ వచ్చే మొహం ఉంటుంది. తిడతారన్న భయంతో రాకపోయేవాళ్లే ఎక్కువ.

ద్వారపూడి_రైలు
నేను కాస్త గట్టిగానే రాస్తాను. అందరూ ఆసుపత్రిని అంటున్నారు. తల్లిదండ్రుల బాధ్యత లేదా? పిల్లలకి కాస్త మాట పడడం అలవాటు కావాలి. ప్రతిదానికీ మనసు నొచ్చుకుందని మానేస్తే రేపు షుగరొచ్చాక ఎవరు చూస్తారు? మా అబ్బాయికి నేను గట్టిగా చెప్పాను, తగ్గాడు.

అప్పటి_ఏడో_తరగతి
రైలు గారూ, ఆ కాటా ఎక్కిన పిల్లల్లో నేనొకదాన్ని. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాను. లేసు గారి పాపకి వచ్చే కడుపునొప్పి అబద్ధం కాదు. నాకు నిజంగానే వచ్చేది. ముందు రోజు రాత్రి అన్నం తినేదాన్ని కాదు, అంకె తగ్గుతుందని. క్లాసు అయ్యాక ఇంటికొచ్చి, ఎవరూ లేనప్పుడు రెండింతలు తినేదాన్ని. గట్టిగా చెబితే కొందరు తగ్గుతారేమో. నేను దాచుకుని తినడం నేర్చుకున్నాను.

మా నాన్నగారు కొన్నాళ్లకి తీసుకెళ్లడం మానేశారు. ఎందుకు మానేశామో ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. నా వల్ల కాలేదు కాబట్టి మానేశారని నాకు నేనే అనుకున్నాను. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. లేసు గారూ, ఒక్క పని చేయండి. ఆ చోటు బాగోలేక మనం మానేశాం, నీ తప్పేం లేదు అని పాపకి నోరు తెరిచి చెప్పండి. తనకి తెలుసులే అని ఊరుకోకండి.

నరసాపురం_లేసు
చెప్తాను. ఇవాళే చెప్తాను.

ద్వారపూడి_రైలు
దాచుకుని తినడం సంగతి నేను ఆలోచించలేదు. మా అబ్బాయి విషయంలో అలా లేదనే అనుకుంటున్నా. కానీ బాధ్యత మాట మాత్రం అలాగే ఉంది. ఇంట్లో కూల్‌డ్రింకు సీసా కొనేది పిల్లలు కాదు కదా.

పోషణ_కాకినాడ
సీసా మాట నిజం. ఒక 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో దాదాపు ఏడెనిమిది చెంచాల పంచదార ఉంటుంది. అది ఇంట్లోకి రాకుండా చూడడం పెద్దవాళ్ల పనే. అయితే పిల్లని అవమానించి కాదు, సీసా కొనడం మానేసి.

లీడ్స్_తెలుగు
మాది అమలాపురం, ఇంగ్లండులో ఉంటున్నాం. ఇక్కడ 2005-06 నుంచి ప్రభుత్వ బడుల్లో రిసెప్షన్ (నాలుగైదేళ్ల) పిల్లలకి, ఆరో క్లాసు (పది పదకొండేళ్ల) పిల్లలకి ఎత్తూ బరువూ కొలుస్తారు. మిగతా పిల్లల ముందు చదవరు, ఉపాధ్యాయులకీ చెప్పరు, ఫలితం తల్లిదండ్రులకే ఉత్తరంలో తెలియజేస్తారు. వద్దనుకుంటే పిల్లని కొలవకుండా ఆపే హక్కు కూడా తల్లిదండ్రులకి ఉంది. అయినా ఆ ఉత్తరం అందుకున్న తల్లులు ఏడ్చినవాళ్లున్నారు. మా పక్కింటావిడ ఉత్తరం చించేసింది. అంత గుట్టుగా చెప్పినా అంత నొప్పి ఉంటే, హాల్లో చదివితే ఎలా ఉంటుంది?

రావులపాలెం_అరటి
ఇంతమంది మానేసినవాళ్లు రాశారు, మేం పూర్తి చేసినవాళ్లం, మా మాట కూడా రాస్తాను. మా చోట తూకం నెలకొక్కసారి, లోపల గదిలో. మొదటి రోజే డాక్టరు గారు చెప్పారు, వీడు ఇంకా ఎదిగే వయసు, బరువు తగ్గకపోయినా పర్వాలేదు, ఎత్తు పెరుగుతూ బరువు నిలకడగా ఉన్నా గెలిచినట్టే అని. ఆ మాట ముందే చెప్పడం వల్ల అంకె కదలని నెలల్లో మేం కంగారు పడలేదు. మాతో చేరి మానేసినవాళ్లలో సగం మంది ‘రెండు నెలలైంది, ఒక్క కేజీ తగ్గలేదు’ అనే మానేశారు. వాళ్లకి ఆ మాట ఎవరూ చెప్పలేదేమో, చెప్పినా చెవిన పడలేదేమో.

ఇంకో సంగతి. వాడికి వేరే కంచం పెట్టలేదు. అందరం అదే తిన్నాం. మా అమ్మాయి సన్నగా ఉంటుంది, తనకి మాత్రం పూరీలు, వీడికి ఓట్సు అంటే ఆ ఇంట్లో ఎన్నాళ్లు సాగుతుంది? పూరీ ఆదివారం మాత్రమే, అందరికీ రెండే. మొదట్లో గోల చేసింది మా ఆయన, పిల్లలు కాదు.

కోనసీమ_కొబ్బరి
అరటి గారూ, అది ఏ ఆసుపత్రి? మెసేజ్ పెట్టండి.

తణుకు_నాన్న
మావాడికి ఎత్తు సంగతి ఎవరూ చెప్పలేదు. వాడు ఆ ఏడాది బాగా పొడుగయ్యాడు. అంటే మేం ఓడిపోయామనుకుని మానేసినప్పుడు వాడు బాగానే ఉన్నాడన్నమాట.

పోషణ_కాకినాడ
అయ్యుండొచ్చు. పాత ఎత్తు, బరువు రాసిన కార్డు ఉంటే తీయండి, చార్టు మీద చుక్కలు పెట్టి చూపిస్తాను.

మండపేట_అంగన్‌వాడీ
నేను అంగన్‌వాడీలో పనిచేస్తున్నాను. మా దగ్గర అందరి కళ్లూ బరువు తక్కువున్న పిల్లల మీదే. తక్కువైతే ఏం చేయాలో మాకు నేర్పారు. ఎక్కువున్న పిల్లాడొస్తే ‘పుష్టిగా ఉన్నాడమ్మా, దిష్టి తియ్యి’ అని పంపిస్తారు ఊళ్లో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు అధిక బరువు పిల్లలు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. చిన్న అంకెలే, కానీ పెరుగుతున్నాయి. పదేళ్లకి ఆసుపత్రి ప్యాకేజీ దాకా వెళ్లే బదులు ఊళ్లోనే, తెలిసిన మనిషి, తెలుగులో, తల్లికీ అమ్మమ్మకీ కలిపి చెబితే దారి ఖర్చు లేదు, పంటు బాధ లేదు. మానేయడానికి కారణాలు సగం అక్కడే పోతాయి.

గోదారి_గట్టు
ఇది బాగుంది. దీనికి నేనూ వస్తాను, మా మనవరాలిని తీసుకుని.

కొవ్వూరు_వంతెన
ఇంజెక్షన్లు వచ్చాయంట కదా, వారానికొకటి. పిల్లలకి వాడొచ్చా? ఈ క్లాసుల బాధ ఉండదు.

పోషణ_కాకినాడ
సెమాగ్లుటైడ్ గురించి అడుగుతున్నారు. అమెరికాలో 12 ఏళ్లు నిండిన, ఊబకాయం ఉన్న పిల్లలకి 2022 డిసెంబరులో అనుమతిచ్చారు, అదీ తిండి, వ్యాయామాల మార్పుతో కలిపి. పదేళ్ల పిల్లకి కాదు. మందుల షాపులో కొనే విషయం అసలే కాదు. పిల్లల డాక్టరుతో మాట్లాడకుండా ఆ ఊసెత్తకండి.

పెరవలి_పంతులు
పోషణ గారూ, మీరు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మానేసినవాళ్లకి మీ వైపు నుంచి ఫోను ఎందుకు వెళ్లదు?

పోషణ_కాకినాడ
చాలా చోట్ల రిజిస్టరులో పేరు ఎదురుగా ‘రాలేదు’ అని రాసి గీత కొడతారు. కారణం రాయడానికి గడే ఉండదు. ఫోను చేయడం ఎవరి డ్యూటీలోనూ లేదు. వచ్చే నెల నుంచి మా దగ్గర ఆ గడి పెట్టిస్తున్నాను. రెండు క్లాసులు రాకపోతే మేమే ఫోను చేస్తాం. ఏం అడగాలో మీరే చెప్పండి.

రొయ్యల_చెరువు
మొదట ‘ఏ వేళ అయితే కుదురుతుంది’ అని అడగండి. ‘ఎందుకు రాలేదు’ అంటే సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది.

ముక్తేశ్వరం_అమ్మమ్మ
ఇంట్లో వంట ఎవరు చేత్తారో అడగండమ్మా. ఆవిడకి ఫోను ఇమ్మనండి.

అప్పటి_ఏడో_తరగతి
పిల్లని కూడా అడగండి, తల్లి పక్కన లేనప్పుడు. అక్కడ నీకేం నచ్చలేదు అని.

కువైట్_నుంచి
వీడియో కాల్ కుదురుతుందా అని మేం అడగక ముందే మీరు చెప్పండి.

తణుకు_నాన్న
మిగిలిన క్లాసుల డబ్బు వెనక్కిస్తారో లేదో కూడా.

పోషణ_కాకినాడ
అన్నీ రాసుకున్నాను. డబ్బు నా చేతిలో లేదు, నెలనెలా కట్టే పద్ధతి పెట్టమని మాత్రం అడుగుతాను.

నరసాపురం_లేసు
ఇన్ని పోస్టులొస్తాయనుకోలేదు. పాపకి చెప్పాను. ఏమీ అనలేదు. కాసేపయ్యాక ‘అయితే ఇంక కాటా ఉండదా’ అని అడిగింది. ఆ ప్రోగ్రాంకి మళ్లీ వెళ్లం. కానీ మెడ నలుపు సంగతి వదలదల్చుకోలేదు. సోమవారం భీమవరంలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం. అత్తగారు కూడా వస్తానన్నారు. పోషణ గారూ, రక్త పరీక్షలుంటాయా, పరగడుపున వెళ్లాలా?

పోషణ_కాకినాడ
పదేళ్లు నిండి, బరువు ఊబకాయం గీత దాటి ఉంటే షుగరు, కొవ్వు, లివరు పరీక్షలు సాధారణంగా రాస్తారు. పరగడుపున వెళ్తే అన్నీ ఒకేసారి అయిపోతాయి, మంచినీళ్లు తాగొచ్చు. రక్తం ఇచ్చాక తినడానికి ఇడ్లీ డబ్బా పట్టుకెళ్లండి, బస్టాండు సమోసా దాకా రానివ్వకండి. లోపలికి వెళ్లగానే, పాపకి అంకె వినిపించకుండా తూచమని నర్సుకి ముందే చెప్పండి. అడిగితే కాదనరు.

నరసాపురం_లేసు
సరేనండి. చార్టు మీద చుక్క కూడా పెట్టించుకొస్తాను.